ఆకాశంలో గట్లు

ఆకాశానికి హద్దు లేదంటారు. మొన్నమొన్నటిదాకా నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే. ఒకరోజు మా ఫిజిక్సు మాస్టారు సాపేక్ష వేగం పాఠం చెబుతూ బోర్డు మీద చిన్న విమానం బొమ్మ వేశారు. అది గంటకు 160 కిలోమీటర్ల వేగంతో, ముక్కు ఉత్తరానికి పెట్టి పోతోంది. పడమటి నుంచి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తోంది. గంట తర్వాత విమానం ఎక్కడుంటుంది? లెక్క తేలికే. అనుకున్న చోటికి 30 కిలోమీటర్లు తూర్పున వుంటుంది. పైలటు తన మటుకు తాను తిన్నగానే పోయాననుకుంటాడు పాపం!

"మరి ఆ తూర్పున పోకూడని చోటుంటేనో సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. మాస్టారు నవ్వి, "ఆకాశంలోనూ గట్లున్నాయోయ్, కాకపోతే కనిపించవు" అన్నారు.

గట్లు అనగానే నాకు మా సెనక్కాయ చేను గుర్తొచ్చింది. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ సాయంత్రం లైబ్రరీలో కూర్చుని ఆ గట్ల సంగతి చదివాను.

సైనిక స్థావరాలు, రాజధాని నగరాలు, ఇలాంటి వాటి మీది ఆకాశాన్ని ప్రతి దేశమూ నిషిద్ధ ప్రాంతమనీ, నియంత్రిత ప్రాంతమనీ పటాల మీద గీసి వుంచుతుంది. కొన్ని గట్లు కదులుతాయి కూడా! అమెరికా అధ్యక్షుడు ఏ వూరు వెళ్తే ఆ వూరి చుట్టూ ఇంచుమించు 55 కిలోమీటర్ల మేర తాత్కాలికంగా ఆంక్షలు పెడతారు. ఆ సంగతి పైలట్లకు ముందుగా నోటీసు రూపంలో తెలియజేస్తారు. సొంత సరదాకి చిన్న విమానం నడుపుకునేవాడు పొద్దున్నే ఆ నోటీసు చూడలేదనుకోండి, నిన్న స్వేచ్ఛగా తిరిగిన చోటే ఇవాళ దొంగవుతాడు.

2005 మే 11న అదే అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ఇద్దరు మనుషులు మాత్రమే పట్టే సెస్నా 150 విమానం పెన్సిల్వేనియా నుంచి ఉత్తర కెరొలినాలో జరిగే విమాన ప్రదర్శన చూడ్డానికి బయల్దేరింది. అందులో ఒకరు పైలటు, ఒకరు ఇంకా నేర్చుకుంటున్నవారు. దారి తప్పి వాషింగ్టన్ మీదికి వచ్చారు. వైట్ హౌస్ నుంచి, కాపిటల్ నుంచి వేలమందిని పరుగుల మీద బయటికి పంపించారు. ఎఫ్-16 యుద్ధవిమానాలు లేచాయి. వైట్ హౌస్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరం దాకా వచ్చిందా చిన్న విమానం. యుద్ధవిమానాలు వెలుగులు చిమ్మే ఫ్లేర్లు వదిలి హెచ్చరించాయి. చివరికి దాన్ని మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దింపించారు. విచారిస్తే, పాపం, దారి తప్పినవాళ్లే. పైలటు లైసెన్సు రద్దు చేశారు. అంతటితో సరి. మా వూళ్లో పశువు పరాయి చేలో పడితే బందెలదొడ్డికి తోలి, యజమాని చేత జరిమానా కట్టించుకుని వదిలినట్టన్నమాట.

కానీ అందరి కథా అలా ముగియలేదు. 1995 సెప్టెంబరులో స్విట్జర్లాండ్ నుంచి గార్డన్ బెనెట్ బెలూన్ పందెం మొదలైంది. బెలూనుకు చుక్కాని ఏది? గాలి ఎటు తోస్తే అటే గదా! గాలి కొన్నిటిని బెలారస్ మీదికి తోసింది. పందెం సంగతి నిర్వాహకులు ముందే ఆ దేశానికి తెలియజేశారు. అయినా సెప్టెంబరు 12న ఒక సైనిక హెలికాప్టర్ ఒక బెలూనును కాల్చి కూల్చింది. అందులో వున్న ఇద్దరు అమెరికన్లు చనిపోయారు. పిలిస్తే పలకలేదనీ, సైనిక స్థావరం వైపు వచ్చిందనీ సంజాయిషీ చెప్పారు. అదే పందెంలో అదే దేశంలో దిగిన మరో రెండు బెలూన్ల వాళ్లకు వీసా లేదని జరిమానా వేసి పంపించారు. ఒకే గాలి, ఒకే నేల. కొందరికి జరిమానా, కొందరికి మరణం!

దీనికి చట్టం లేదా అంటే వుంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేస్తే 269 మంది చనిపోయారు. దాని తర్వాత, 1984లో, ఎగిరే పౌర విమానం మీద ఆయుధం ఎత్తకూడదని దేశాలన్నీ కూడి సవరణ రాసుకున్నాయి. అది అమల్లోకి వచ్చింది మాత్రం 1998లో. బెలూన్ కూలిన మూడేళ్లకు!

ఇక మా చేను సంగతి. నేను ఎనిమిదో తరగతిలో వుండగా ఆ యేడు అడవిపందులు సెనక్కాయ చేను దున్నేస్తుంటే నాయన రాత్రిళ్లు మంచె మీద కావలి పడుకునేవాడు. తోడుగా నేనూ. ఒకనాటి అమావాస్య చీకట్లో చేలో ఏదో కదిలింది. నాయన వడిసెల తిప్పి రాయి విసిరాడు. "అంబా" అని అరుపు వినిపించింది. దీపం పట్టుకుని పోయి చూస్తే పక్క చేని మామ పెయ్య. పలుపు తెంపుకుని వచ్చింది. ముందు కాలు విరిగింది.

తెల్లారి మామ వచ్చి చూసి, "చీకట్లో నీకేం తెలుసులే బావా" అన్నాడు. నాయన డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. నెలన్నా ఆ కాలు అతకలేదు. చివరికి ఆ పెయ్యను సంతకు తోలేశారు. ఆ రోజు నాయన అన్నం ముట్టలేదు. "ముందు ఒక కేకేసింటే పోయేదిరా" అన్నాడు నాతో, అంతే.

పలకని బెలూనుకూ నోరులేని పెయ్యకూ నాకు పెద్ద తేడా కనిపించదు. గాలినీ, పటాన్నీ చూసుకోవడం ఎగిరేవాడి ధర్మం. అందులో మినహాయింపు లేదు. పశువుకు పలుపు గట్టిగా కట్టుకోవాల్సిందే. కానీ కావలివాడికీ ఒక ధర్మం వుంది. భయం వాడికీ వుంటుంది, నేనెరుగుదును, ఆ రాత్రి మంచె మీద నేనూ వణికాను. అందుకే ముందు కేకెయ్యాలి. వాషింగ్టన్‌లో ఆ సంఘటన జరిగిన నెలలోనే ఎరుపు, ఆకుపచ్చ లేజర్ వెలుగులతో దారి తప్పిన పైలట్లను హెచ్చరించే పద్ధతి మొదలుపెట్టారు. యుద్ధవిమానం పక్కకొచ్చి రెక్కలు ఊపిందంటే "నా వెంట రా" అని అర్థం. ఇవన్నీ కేకలే గదా!

సెలవులకు ఇంటికి పోతే ఇప్పటికీ చూస్తుంటాను. చీకటి పడ్డాక నాయన చేను గట్టు ఎక్కగానే, ఎవరున్నా లేకున్నా, "ఎవురదీ?" అని గట్టిగా ఒక కేక వేస్తాడు. కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే చేలోకి అడుగు పెడతాడు.