తమ్ముడి సినిమాలు కావు

దసరా సెలవులకు పాలకుర్తి వచ్చిన మూడో రోజు పొద్దున నా ల్యాప్‌టాప్ నన్ను లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డ్ కొడతాను, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. తప్పయితే తప్పని చెప్పాలి కదా, అదీ చెప్పట్లేదు.

"ఏం చేసినవ్ రా?" అని తమ్ముణ్ని అడిగా. ముందురోజు వాడు పెన్‌డ్రైవ్ నుంచి ఐదు సినిమాలు ఎక్కించాడు. "డిస్క్ నిండిందని ఏదో మెసేజ్ వచ్చిందన్నా, క్లోజ్ చేసిన" అన్నాడు. ఇంకేముంది, దొంగ దొరికాడు. నా అరుపులకు అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. వాడు అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

బాపు జనగామలో తెలిసిన షాపాయనకు ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొడితే అయిపోతది, తీస్కరాండ్రి" అన్నాడట. అప్పుడు భయమేసింది. అందులో నాయినమ్మ బతుకమ్మ పాటలున్నాయి. పోయినేడు ఫోన్లో రికార్డ్ చేసి ల్యాప్‌టాప్‌లో వేశాను, తర్వాత ఆ ఫోన్ మార్చేశాను. ఈ ఏడు నాయినమ్మకు ఆయాసం, రెండు చరణాలకే ఆగిపోతోంది. పాడుతుంటే రాసుకునేంత తెలుగు స్పీడ్ నాకు లేదు, ఇంగ్లీష్ మీడియం. పాడుకోవడానికి వీలైన ద్విపదలో బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు మాది. మా ఊరి పేరే ఆయన ఇంటిపేరు. నా పరిస్థితి ఇదీ.

నాది ఉబుంటు. ఆన్ చేస్తూ ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ వచ్చింది. రికవరీ మోడ్‌లోకి, అక్కణ్నుంచి రూట్ షెల్‌లోకి వెళ్లా. డీఎఫ్ కమాండ్ కొడితే 100 శాతం. లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్ కొన్ని చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి. ఆ కాస్త జాగా కూడా లేక నన్ను గుమ్మంలోంచే వెనక్కి పంపుతోందన్నమాట. రూట్‌కి మాత్రం ఎక్స్‌ట్4లో మామూలుగా 5 శాతం చోటు విడిగా దాచి ఉంటుంది.

ఇక డీయూతో ఒక్కో ఫోల్డర్ బరువు చూశా. సినిమాలు 7 జీబీ. పాటలు 2 జీబీ కూడా లేవు. ఒక్క ఫైల్ మాత్రం 61 జీబీ! పేరు చూస్తే నేను పెట్టిన పేరే.

రిజల్ట్స్ వచ్చాయా అని కాలేజీ పేజీని మాటిమాటికీ చూసే స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నా. పేజీ దొరికితే పది నిమిషాలు ఆగమని రాశా. దొరక్కపోతే ఆగమని రాయలే. హాస్టల్‌లో వైఫై ఉంది కాబట్టి బయటపడలేదు. ఇంట్లో నెట్ లేదు. రెండు రోజులు రాత్రింబగళ్లు, సెకనుకు వందలసార్లు ప్రయత్నించి, ఫెయిలైన ప్రతిసారీ ఎర్రర్ మొత్తం లాగ్ ఫైల్‌లో రాసుకుంటూ పోయింది.

డిస్క్‌ను రాసేందుకు వీలుగా రీమౌంట్ చేసి, ఆర్ఎం కొట్టా. ఫైల్ పేరు మూడుసార్లు చదువుకున్నాకే ఎంటర్ నొక్కా. రీస్టార్ట్ చేస్తే మామూలుగా తెరుచుకుంది. మొదట స్క్రిప్ట్ ఆపేసి, తర్వాత పాటలు ఒక్కొక్కటీ ప్లే చేసి చూసుకున్నా.

అమ్మకు చెప్తే "నాకెందుకు చెప్తున్నవ్, వానికి చెప్పు" అంది.

వాడు గుట్ట కింద దోస్తులతో ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పా.

"61 జీబీ అంటే ఎన్ని సినిమాలన్నా?"

"నలభై పైనే."

"నా ఐదింటికే గంత లొల్లి చేసినవ్ గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక పాటలు వాడి పెన్‌డ్రైవ్‌లోకే కాపీ చేశాం. చోటు చాల్లేదు, రెండు సినిమాలు తీసెయ్యాల్సి వచ్చింది. ఏవి తియ్యాలో వాడే చెప్పాడు.