చెనిక్కాయలు ఒలిచే సెలవులు

వేసవి సెలవులంటే ఊటీయే అనుకుంటాం కదూ! మా కొత్తచెరువుకు రండి. పుట్టపర్తి వెళ్ళేవాళ్ళు రైలు దిగేది మా ఊరి దగ్గరే. 2022లో మాది శ్రీసత్యసాయి జిల్లా అయింది, ఎండ మాత్రం మారలేదు లెండి. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే.

పదకొండు దాటితే వీధిలో మనిషి కనిపించడు. అప్పుడు విత్తనం చెనిక్కాయల మూట విప్పుతాం. మిషన్‌కు వేస్తే గింజ పగులుతుంది, పగిలింది మొలవదు. అందుకే చేత్తోనే ఒలవాలి. సాయంత్రానికి బొటనవేలు ఒకటే మంట. బెంగుళూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ పిల్లలు మొదటిరోజు ముఖం చిట్లించారు. "శేరు గింజలు ఒలిస్తే బెల్లం ఉండ" అంది మా అత్తగారు. ఇక పోటీలే! చేటలోకన్నా నోట్లోకి పోయినవే ఎక్కువ. మధ్యలో రాగి అంబలి. పొద్దున్నే కాచి కుండలో పెట్టి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపితే ఫ్రిజ్ నీళ్ళు ఎవరూ అడగరు.

నిరుడు వేసిన విత్తనం వాన లేక మట్టిలోనే పోయింది. "ఈసారి అన్నీ అమ్మేద్దాం" అన్నారు మావారు. అత్తగారు మాట్లాడలేదు, చేట ముందుకు లాక్కున్నారు. చివరికి సగం అమ్మాం, సగం ఉంచాం.

వెళ్ళేరోజు చిన్నది పిడికెడు గింజలు కాగితంలో కట్టుకుంది. "అత్తా, మేడమీద కుండీలో వేస్తా." వేస్తుంది సరే, వాళ్ళ వీధిలోనూ వేసవిలో ట్యాంకరు నీళ్ళేనట!