ఆరు వేల శిలువల బాట

రోమన్ అధికారి ఆప్పియస్ క్లాడియస్ క్రీ.పూ. 312లో ఈ ఆప్పియా బాటను రోము నుంచి కాపువా దాకా వేయించాడు. సైన్యాలు దక్షిణాదికి త్వరగా దిగాలని వేసిన దారి ఇది. పొడవు 132 రోమన్ మైళ్లు, అంటే దాదాపు 195 కిలోమీటర్లు. మనం మాత్రం కాపువాలో బయల్దేరి రోముకు పోదాం. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు మొదలైంది కాపువాలోనే.

ఆనాటి కాపువా ఇప్పుడు సాంటా మారియా కాపువా వెతెరె. యాత్రికులు ఫొటోలు తీసుకునే పెద్ద ఆంఫిథియేటర్ స్పార్టకస్ తర్వాతి కాలానిది. బటియాటస్ అనే ఆసామి ఈ ఊళ్లో గ్లాడియేటర్లను సాకి, పోరాటాలకు తర్ఫీదు ఇప్పించేవాడు. క్రీ.పూ. 73లో అక్కడి బానిసలు రెండు వందల మంది పారిపోవాలనుకున్నారు. సంగతి బయటికి పొక్కడంతో డెబ్బై మందికి పైగా మాత్రమే తప్పించుకోగలిగారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి వంటింటి కత్తులు, మాంసం కాల్చే ఇనుప చువ్వలు. దారిలో గ్లాడియేటర్ల ఆయుధాలతో పోతున్న బళ్లు దొరికాయి. అక్కణ్ణుంచి దక్షిణాన వెసూవియస్ ఎక్కారు. రోమన్ సేనాని గ్లాబర్ మూడు వేల మందితో వచ్చి, కొండ దిగే ఒక్క దారినీ మూసేశాడు. వీళ్లు అడవి ద్రాక్షతీగలతో నిచ్చెనలు అల్లి, మరోపక్క కొండచరియ మీదుగా దిగి, అతని శిబిరం మీద వెనకనుంచి పడ్డారు.

రెండేళ్ల యుద్ధాన్ని ఇక్కడ చెప్పబోను. ఉత్తరాన ముటినా దగ్గర గెలిచాక ఆల్ప్స్ దారి తెరుచుకున్నా స్పార్టకస్ వెనక్కి తిరిగాడు. ఎందుకన్నదాని మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. క్రీ.పూ. 71లో దక్షిణాన జరిగిన ఆఖరి పోరులో అతను పడిపోయాడు, శవం దొరకలేదు. ప్రాణాలతో చిక్కిన ఆరు వేల మందిని రోమన్ సేనాని క్రాసస్ కాపువా నుంచి రోము దాకా దారి పొడవునా శిలువ వేయించాడు. ఇది రాసినవాడు చరిత్రకారుడు అప్పియన్, అదీ రెండు వందల ఏళ్లు దాటాక, ఒక్క వాక్యంలో. దారి పేరు చెప్పలేదు, కానీ ఈ బాటేనన్నది వాడుకలో ఉన్న మాట.

ఒకే వైపు సమానంగా నాటారనుకుంటే దాదాపు 33 మీటర్లకొక శిలువ. మన ఊళ్ల రోడ్ల పక్కన కరెంటు స్తంభాల్లా. ఒకటి దాటేలోపు ఇంకోటి కళ్లబడుతుంది, నడిచేవాడికి అయిదారు రోజుల పాటు.

వోల్టుర్నో నది దాటితే ఫలెర్నియన్ ద్రాక్షసీమ. రోము గొప్పింటి విందుల్లో పేరుమోసిన ద్రాక్షసారా ఇక్కడిదే. తోటల పని బానిసలది. సముద్రం పక్కన సినుయెస్సా, ఆ తర్వాత లిరిస్ నది ఒడ్డున మింటూర్నే. ఈ రెండు ఊళ్లకూ శిక్ష కొత్త కాదు. అంతకు అరవై ఏళ్ల కిందట, సిసిలీలో బానిసలు తిరగబడ్డ కాలంలో, మింటూర్నేలో 450 మందిని శిలువ వేశారనీ, సినుయెస్సాలో నాలుగు వేల మందిని అణచారనీ చరిత్రకారుడు ఒరోసియస్ రాశాడు. ఆ భయంతో బానిసలు బుద్ధి తెచ్చుకుంటారనుకుంటే, తర్వాత స్పార్టకస్ వచ్చుండకూడదు. అయినా క్రాసస్ పాత మందునే మోతాదు పెంచి ఇచ్చాడు.

ఫార్మియే, ఫుండి, కొండ మీది అంక్సుర్ దాటితే పోంటైన్ బురదనేల. ఇక్కడ బాట గీత గీసినట్టు సూటిగా పోతుంది, పక్కనే కాలువ. ఇంచుమించు క్రీ.పూ. 37లో కవి హొరేస్ ఈ దారినే దక్షిణానికి ప్రయాణం చేసి, దాన్ని పద్యంగా రాశాడు. దోమలు, కప్పలు, పాడు నీళ్లు, పడవవాళ్లూ బానిసలూ అరుచుకోవడం, అన్నీ ఉన్నాయి. శిలువల ఊసే లేదు. హొరేస్ తండ్రి ఒకప్పటి బానిస, విడుదల పొందినవాడు. అందుకే ఆ మౌనం నాకు ఆ కప్పల గోలకన్నా గట్టిగా వినిపిస్తుంది.

అరిసియా ఎక్కి దిగితే రోము పొలిమేర. అక్కడినుంచి గొప్పవాళ్ల సమాధులు బారులు తీరతాయి. వాటిలో బాగా నిలిచింది కేసీలియా మెటెల్లాది, గుండ్రని బురుజు. ఆమె భర్త క్రాసస్ కొడుకేనని చాలామంది అంటారు. అలా క్రాసస్ ఇంటి పేరు ఈ బాట మీద చలువరాతి మీద చెక్కి ఉంది. ఆరు వేల మందిలో ఒక్కరి పేరూ ఎక్కడా లేదు.

చివర కపేనా ద్వారం. బానిసల మీద గెలుపుకు పూర్తి విజయోత్సవం తగదని క్రాసస్‌కు చిన్న ఊరేగింపు మాత్రమే దక్కింది. దానికి మిర్టిల్ ఆకుల దండ వేసుకోవడం ఆనవాయితీ. అతను మాత్రం సెనేట్‌ను ఒప్పించి, పెద్ద విజయాలకిచ్చే లారెల్ దండ పెట్టుకున్నాడు. మరుసటి ఏడు కాన్సుల్ అయి, పదివేల బల్లలు వేసి జనానికి విందు చేశాడు, మూడు నెలల తిండిగింజలు పంచాడు.