డైరెక్టరీ గర్భమున డైరెక్టరీ

ఒక డైరెక్టరీలోని ఫైళ్ల పేర్లను వరుసగా అచ్చొత్తించుట సి భాష నేర్చినవారికి కష్టమైన పని కాదు. ఓపెన్‌డిర్‌తో దానిని తెరచి, రీడ్‌డిర్ చేత ఒక్కొక్క పేరును చదివించి, నల్ రాగానే క్లోజ్‌డిర్‌తో మూసిన చాలును. కాని దాని గర్భమున మరియొక డైరెక్టరీయు, అందులో వేరొకటియు నున్నప్పుడు, లోతెంతయో ముందుగా నెరుగని ఫంక్షను తన్ను తానే పిలుచుకొనుచు అడుగంట దిగి, దిగిన దారినే తప్పక పైకి వచ్చు తీరు నాకెన్నడును పాతబడని సౌందర్యము.

ఈ అవరోహణమునకు గండము మొదటి మెట్టుననే యున్నది. యూనిక్స్ సంప్రదాయమున ప్రతి డైరెక్టరీయందును ఒంటిచుక్క పేరు తననే, జంటచుక్కల పేరు తన తల్లి డైరెక్టరీని సూచించును. వీనిని విడువనిచో ఫంక్షను ఒంటిచుక్కలోనికే మరల మరల ప్రవేశించి, ప్రతి మెట్టునను ఒక డైరెక్టరీని తెరచియే యుంచుచు, లినక్సులో ఒక ప్రాసెస్‌కు సాధారణముగా విధింపబడు 1024 తెరచిన ఫైళ్ల హద్దును తాకువరకు ఆగదు. అందులకని పేరులోని మొదటి అక్షరము చుక్కయైనంతనే త్రోసివేయుటయు తగదు. అట్లైన, చుక్కతో మొదలగు సెట్టింగుల ఫైళ్లన్నియు జాబితానుండి జారిపోవును. యూనిక్స్ నిపుణుడు రాబ్ పైక్ కథనము ప్రకారము, ఫైళ్ల జాబితానిచ్చు ఎల్‌ఎస్ కమాండు తొలి రూపమున జరిగినదిదే. దాపుడు ఫైళ్లనెడి ఆచారమే ఆ అడ్డదారినుండి పుట్టినది! పేరు మొత్తమును స్ట్రింగ్‌గా పోల్చి ఒంటిచుక్క, జంటచుక్కల పేర్లనే విడుచుట ధర్మము.

పై మెట్టున చక్కగా నడచిన ప్రోగ్రాము రెండవ మెట్టున ‘అట్టి ఫైలు లేదు’ అని మొరపెట్టుటయు కద్దు. రీడ్‌డిర్ ఇచ్చునది ఒట్టి పేరే గాని దారి కాదు. తల్లి దారిని, స్లాష్ గీతను, పేరును కూర్చి ఇచ్చిననే ఆ ఫైలు దొరకును.

1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో చేరిన, వేరొక దారిని చూపు సింబాలిక్ లింకులు మరియొక చిక్కు తెచ్చినవి: లింకు తన పూర్వీక డైరెక్టరీనే చూపినచో, పేరు ఫైలుదో డైరెక్టరీదో తెలుపు స్టాట్ దానివెంట పోయి మోసపోవును; ఎల్‌స్టాట్ లింకును లింకుగానే చెప్పును.

ఇంత శ్రమ యేల, పోసిక్స్‌లో డైరెక్టరీలన్నిటిని తానే తిరిగివచ్చు ఎన్‌ఎఫ్‌టీడబ్ల్యూ ఫంక్షను ఉన్నది గదా యందురు. ఉన్నది, వాడదగినదే. అయినను నేర్చువారు తొలుత ఈ ఫంక్షనును స్వహస్తముతో వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము. ఎన్‌ఎఫ్‌టీడబ్ల్యూను పిలుచునపుడు ఒకేమారు ఎన్ని డైరెక్టరీలు తెరచియుంచవచ్చునో, లింకులవెంట పోవలెనో మానవలెనో తెలుపుమని అది యడుగుచున్నది. స్వయముగా వ్రాసినవారు ఆ ప్రశ్నల వెనుకనున్న గండములను అప్పటికే దాటి వచ్చియుందురు.