ఛాట్ తీసిన తువ్వాళ్లు

మా షోలాపూర్‌లో పెళ్ళికి వచ్చిన మగవారికి టవలు, టోపీ పెట్టి గౌరవించడం ఒక ఆచారం. మరాఠీ ఇళ్ళలో ఉన్నదే మన తెలుగిళ్ళలోకీ వచ్చింది. ఊరు నేర్పిన మర్యాదను కాదనడం మనకు చేతకాదు. 2024లో మా చిన్నమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు నేనూ ఆ ఏర్పాటు చేశాను. బజారులో కొనేకంటే మనవాళ్ళ దగ్గరే తీసుకుంటే బాగుంటుందని, మా గల్లీ చివర నాలుగు మరమగ్గాలు నడుపుకొనే ఒక కుర్రవాడికి నూట యాభై తువ్వాళ్లు చెప్పాను. ఒక్కొక్కటి 90 రూపాయలు. మొత్తం 13,500. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చాను.

చెప్పిన రోజుకే సరుకు వచ్చింది. నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా చేసినవాణ్ణి. లెక్క చూడకుండా ఏదీ తీసుకోను. హాల్లో చాప పరిచి, ఒక్కొక్క తువ్వాలు విప్పి వెలుతురుకు పట్టి చూశాను. పదకొండింటిలో లోపం కనిపించింది. రెండింటి మీద మగ్గం నూనె మరక. కొన్నింటిలో పోగు తెగి సన్నని గీత. ఒకదాని అంచు కాస్త వంకర. వాటిని పక్కన పెట్టాను.

ఆదివారం ఉదయం కుర్రవాడు మిగతా డబ్బు కోసం వచ్చాడు. పదకొండు తువ్వాళ్లూ చూపించి, 8,500 ఇవ్వవలసిన చోట 990 కోసి 7,510 చేతిలో పెట్టాను. అతడు నోట్లు లెక్కపెట్టుకొని ఒక్క క్షణం నిలబడ్డాడు. "సరే కాకా" అని వెళ్ళిపోయాడు. నేను డైరీలో అంకె రాసుకొని, ఖర్చు కాస్త తగ్గినందుకు సంతోషించాను.

మరి ఆ పదకొండు తువ్వాళ్లు ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లోనే ఉన్నాయి. నాలుగు వంటవాళ్ళకు ఇచ్చాం. మూడు బ్యాండువాళ్ళకు పెట్టాం. మిగిలినవి స్నానాల గదికి వెళ్ళాయి. పోగు తెగిందని వాటిలో ఒక్కటి కూడా నీళ్ళు పీల్చనని మొరాయించలేదు.

పెళ్ళయిన నాలుగో రోజు మా అమ్మ అరుగు మీద కూర్చొని, ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆమెకు అప్పటికి ఎనభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టిన చేతులు. వేళ్ళ కొసలు అరిగి నున్నగా అయిపోయాయి. ఆధార్ వేలిముద్ర యంత్రం ఆమె వేలిని ఒక పట్టాన గుర్తుపట్టదు. కానీ ఆ వేళ్ళకు బట్ట తెలుసు, ఆకు తెలుసు. తువ్వాలులో తెగిన పోగు దగ్గర ఆగిపోయింది.

"ఇది మంచిగ లేదేందిరా?" అని అడిగింది.

"అట్లాంటివి పదకొండు వచ్చినయమ్మా. వాటి పైసలు కోసిన."

"వాపసిచ్చినవా?"

"లేదు. ఇంట్లకు పనికొస్తయని ఉంచిన."

అమ్మ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కోపం ఏమీ లేదు. "అయితే ఛాట్ తీసినవన్నట్టు" అంది. మళ్ళీ తన పనిలో పడింది.

బీడీ పని తెలిసిన ఇళ్ళలో ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెబుతాను. ఛాట్ అంటే ఏరి తీసేయడం. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి మా పూర్వులు ఈ ఊరికి వచ్చారు. మగవాళ్ళు మిల్లులకూ మగ్గాలకూ పోతే, మా ఊరి తూర్పు భాగంలో ఆడవాళ్ళలో చాలామందికి బీడీ చేటే ఆధారమైంది. కార్ఖానా ఇచ్చిన తునికాకును తడిపి, గోనెలో చుట్టి ఉంచి, కొలతకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలయితే వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. పొద్దుటి నుంచి దీపం పెట్టేదాకా వంచిన నడుము ఎత్తకుండా కూర్చుంటేనే వెయ్యి పూర్తయ్యేది.

1972 కరువు సంవత్సరం నాకు బాగా గుర్తుంది. నేను ఏడో తరగతి. ఇంట్లో ఎర్రటి మిలో జొన్నల రొట్టె. సాయంత్రం అమ్మతో పాటు బీడీలు అప్పగించే చోటికి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక మనిషి బల్ల వెనక కూర్చొని కట్టలు విప్పి చూసేవాడు. ఇది లావు, ఇది సన్నం, దీని మూతి సరిగా మడవలేదు అంటూ ఏరి పక్క బుట్టలో వేసేవాడు. ఆయన వేసినన్ని మా అమ్మ లెక్కలో తగ్గిపోయేవి. తగ్గినవాటికి కూలి లేదు. మరునాడు మళ్ళీ చుట్టి పూడ్చాలి. ఆకు చాలకపోతే సొంత పైసలతో కొనుక్కోవాలి.

నేను చిన్నవాణ్ణి కాబట్టి నాకు బుట్ట మీద చూపు. అందులో పడిన బీడీలను ఎవరూ విరిచి పారెయ్యలేదు. బుట్ట నిండితే లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. ఒకరోజు దారిలో అమ్మను అడిగాను, అవి మంచివి కాకపోతే మనకే తిరిగి ఇవ్వొచ్చు కదా అని. అమ్మ చెప్పిన మాట ఈనాటికీ మరిచిపోలేదు. "మంచిగ లెవ్వంటే నా ముంగటనే ఇరగ్గొట్టుమను, నాకు దుఃఖం లేదు. ఉంచుకుంటే పైసలియ్యాలె. ఉంచుకొని పైసలియ్యకుంటె దాన్నేమంటరు బిడ్డా?"

దాన్నేమంటారో నాకు పన్నెండేళ్ళ వయసులో బాగా తెలుసు. అరవై నాలుగేళ్ళకు మరిచిపోయాను. అదే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

తర్వాత నేను ఈ విషయం కొంత చదివి తెలుసుకున్నాను. బీడీ, చుట్ట కార్మికుల కోసం పార్లమెంటు 1966లోనే చట్టం చేసింది. దాని కింద మహారాష్ట్ర చేసిన నిబంధనల్లో ముప్పై ఏడోది ఈ ఛాట్ గురించే. ఆ మాటే అందులో ఉంది. నూటికి అయిదుకు మించి మామూలుగా తీసేయకూడదు. కార్మికురాలు కావాలని చెడగొడితే తప్ప, తీసేసినవాటికి కూడా సగం కూలి ఇవ్వాలి. అప్పటి మైసూరు రాష్ట్ర నిబంధనల్లోనూ ఇలాగే ఉంది. యజమానులు కోర్టుకు వెళితే 1974లో సుప్రీంకోర్టు ఆ నిబంధన సరైనదేనని చెప్పింది. 1966 నాటి చట్టం 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. మా అమ్మ బల్ల ముందు నిలబడిన రోజుల్లో ఆమెకు ఈ నిబంధన సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ ఢిల్లీలో పెద్దలు ఆలోచించి ఒప్పుకున్న న్యాయం, చదువు రాని మా అమ్మకు దారి నడుస్తూనే తెలుసు.

మరునాడు పొద్దున్నే 990 రూపాయలు జేబులో పెట్టుకొని మగ్గాల దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "చెడ్డ సరుక్కి కూడా మంచి ధర ఇస్తే, రేపటి నుంచి మంచిగా ఎవరు నేస్తారు?" అంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. నేను దారి పొడుగునా దానికి జవాబు వెతుక్కుంటూనే నడిచాను.

కుర్రవాడు నన్ను చూసి కంగారు పడ్డాడు, ఇంకేదో లోపం దొరికిందనుకున్నాడు కాబోలు. డబ్బు చాపితే, "ఉండనీయుండ్రి కాకా, అయిపోయింది కదా" అన్నాడు. నేను బలవంతం చేశాను. అప్పుడతడు మగ్గాల చప్పుడులో నాకు వినపడేలా దగ్గరికి వచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నేను నేసినాయన కూలిల కోసిన కాకా. నా ఒక్కనికి పడదు కదా."

ఆయన అక్కడే మూడో మగ్గం దగ్గర నిలబడి ఉన్నాడు. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నవాడేమో. చెవిలో దూది. మా మాటలు ఆయనకు వినపడలేదు. నేను ఆదివారం ఉదయం హాల్లో చాప మీద కూర్చొని కోసిన కోత, మెట్టు మెట్టు దిగి ఆ మనిషి దాకా వచ్చింది. ఆయన కింద ఇంకెవరూ లేరు కాబట్టి అక్కడ ఆగింది. ఆయన ఇంట్లో ఆ వారం ఏది తగ్గిందో, పాలో, మందులో, నాకు తెలియదు. నా పెళ్ళి లెక్కల్లో మాత్రం అది "ఆదా" అనే పేరుతో ఉంది.

కుర్రవాడు ఆయనను పిలిచి, కోసినది నా ముందే తిరిగి ఇచ్చాడు. ఎందుకో చెప్పాడు. ఆయన డబ్బు తీసుకొని, "ఆ నూనె మరక నాదే సాబ్, మిషన్ కారుతున్నది" అన్నాడు. తన తప్పు తాను ఒప్పుకున్నాడు. నేను మాత్రం నా తప్పు అంత తేలిగ్గా చెప్పలేకపోయాను. "ఫరవాలేదు" అని వచ్చేశాను. ఆ మాట నేను అనవలసింది కాదని ఇంటికి వచ్చాక తోచింది.

ఇక మా ఆవిడ ప్రశ్నకు జవాబు. సరుకు చూసి తీసుకునే హక్కు మనకు ఉంది. దాన్ని వదులుకోనక్కరలేదు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేద్దాం. అతడు దాన్ని తక్కువ ధరకు వేరేవారికి అమ్ముకుంటాడు. లేదా, "లోపం ఉంది, ఎంతకిస్తావు?" అని ముందే అడుగుదాం. ఇద్దరూ ఒప్పుకున్న ధర ఎంత తక్కువైనా అందులో అన్యాయం లేదు. కానీ వస్తువు మనం ఉంచుకొని, ధర సున్నా అని మనమే తీర్పు చెప్పుకోవడం బేరం కాదు. అది బల్ల వెనక కూర్చున్నవాడి పని.

ఆ బల్ల ఇప్పుడు మన అందరి ఇళ్ళలోనూ ఉందనిపిస్తుంది. పనిమనిషి రెండు రోజులు రాకపోతే జీతం కోస్తాం. మన ఇంటికి చుట్టాలు వచ్చి రెట్టింపు గిన్నెలు పడిన రోజుకు మాత్రం లెక్క ఉండదు. కుట్టుపని చేసే అమ్మాయి జాకెట్టు కాస్త బిగుతుగా కుట్టిందని కూలి ఎగ్గొడతాం, జాకెట్టు మాత్రం తొడుక్కుంటాం. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడి చేత "చేతితో చేతే" అంటూ ఇంకో రెండు పనులు చేయించుకుంటాం. ఇవ్వవలసింది ఇవ్వక "రేపు రా" అంటాం. ఆ రేపటి దాకా అతని డబ్బు మన దగ్గర వడ్డీ లేకుండా ఉంటుంది. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఇది నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

విచిత్రం ఏమిటంటే పెద్ద కంపెనీలతో మనం ఇలా ఉండం. ఫోనులో తెప్పించుకున్న వస్తువు బాగాలేకపోతే బుద్ధిగా తిరిగి పంపి, డబ్బు వాపసు తీసుకుంటాం. వస్తువు ఉంచుకొని డబ్బు కూడా ఇమ్మంటే వాళ్ళు ఊరుకోరని తెలుసు. ఊరుకునేవాడు మన గల్లీలోవాడు. మళ్ళీ మన ముఖం చూడాలి కాబట్టి, మళ్ళీ మన దగ్గరే పని అడగాలి కాబట్టి, "సరే కాకా" అని వెళ్ళిపోతాడు. ఆ "సరే"ను మనం ఒప్పుదల అనుకుంటాం.

ప్రభుత్వాలు చేయవలసినవి చాలా ఉన్నాయి, చేయించుకోవాలి కూడా. 2006లో మా ఊరి పక్కన కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరు మీద పది వేల బీడీ కార్మికుల ఇళ్ళు లేచాయంటే, అది ఆ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి జెండా పట్టుకొని తిరిగి, తమ వాటా తాము కట్టుకోబట్టే. బీడీ ఆరోగ్యానికి చేటు. మా అమ్మ దగ్గు వింటూ పెరిగిన నేను ఆ పనిని పొగడను. వాళ్ళకు ఇంకా మంచి పని దొరకాలి. కానీ అవన్నీ జరిగేదాకా మన చేతిలో ఉన్న న్యాయం ఒకటుంది. దానికి చట్టం అక్కరలేదు, మన సంఘంలో తీర్మానం అక్కరలేదు. ఉంచుకుంటే పైసలివ్వాలి. అంతే.

ఆ పదకొండు తువ్వాళ్లలో ఒకటి ఇప్పుడు అమ్మ దగ్గర ఉంది. నూనె మరక ఉన్నదే కావాలని అడిగి తీసుకుంది. మగ్గం దగ్గరికి వెళ్ళి వచ్చిన సంగతి చెప్పినప్పుడు, ఎంత ఇచ్చినవని కూడా అడగలేదు. "ఆయన తిన్నడా?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. ఆ నేసినాయన గురించి అడుగుతోంది. అడగలేదమ్మా అన్నాను. ఈసారి కలిసినప్పుడు అడగాలి.