మూడు రూపాయల వడ్డీ

1970 తర్వాత ఈ అమెరికాకు వచ్చిన మాబోటివాళ్ళకు కంప్యూటరంటే చేతిలో పట్టే వస్తువు కాదు, ఒక గది. యంత్రానికి చలవ కావాలి గనుక ఆ గదిలో పనిచేసేవాళ్ళు జూలై నెలలో కూడా స్వెట్టర్లు తొడుక్కునేవారు. మిగతావాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. చిల్లులు పొడిచిన కార్డుల కట్టను కిటికీ దగ్గర ఇచ్చేసి, మర్నాడు పొద్దున్న ఫలితం అచ్చయిన కాగితాలు తీసుకుపోయేవాళ్ళం. పూజారిగారి చేతికి కొబ్బరికాయ ఇచ్చి గర్భగుడి బయట నిలబడ్డట్టే.

కార్డుకు 80 నిలువు వరసలు. వరసకు ఒక్క అక్షరం. ఫోర్ట్రాన్‌లో రాసేవాళ్ళం మొదటి 72 వరసల్లో ప్రోగ్రాము, చివరి 8 వరసల్లో కార్డు క్రమసంఖ్య వేసుకునేవాళ్ళం. సంఖ్య వేసుకున్నవాడి కట్ట మెట్లమీద జారిపడినా మళ్ళీ పేర్చుకోగలడు. వెయ్యనివాడి అవస్థ చెప్పనక్కరలేదు. పెట్టెకు 2,000 కార్డులు, అంటే 1,60,000 అక్షరాలు. ఈనాడు మనవరాలు కేకు ముందు నిలబడితే ఫోనులో తీసే బొమ్మ ఒక్కటి సుమారు 30 లక్షల బైట్లు ఉంటుంది. బైటుకు ఒక అక్షరం చొప్పున మేము లెక్కకట్టి చూశాం. ఆ బొమ్మ ఒక్కటీ కార్డులమీద పొడిస్తే 37,500 కార్డులు, అంటే 19 పెట్టెలు. ఒక పుట్టినరోజున తీసే 200 బొమ్మలకు 3,750 పెట్టెలు కావాలి. ఇల్లు ఖాళీ చేసినా చాలదు.

ఈ పెరుగుదలకు మొదట లెక్క చెప్పినవాడు గోర్డన్ మూర్. 1965లో ‘ఎలక్ట్రానిక్స్’ అనే పత్రికలో ఆయనొక చిన్న వ్యాసం రాశారు. ఒక్కో చిప్పుమీద పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదనీ, ఇదే తీరుగా సాగితే 1975 నాటికి 65,000 భాగాలు పడతాయనీ అందులో చెప్పారు. 1968లో రాబర్ట్ నోయిస్‌తో కలిసి ఇంటెల్ కంపెనీ పెట్టారు. 1975లో ఆయనే లెక్క సవరించి, ఇకమీదట రెండేళ్ళకొకసారి రెట్టింపు అన్నారు. 2023లో, 94 ఏళ్ళ వయసులో పోయారు.

రెండేళ్ళకు రెట్టింపు అన్నమాట మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు కొత్తది కాదు. అది మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున, వడ్డీని నెలనెలా అసలులో కలుపుతూపోతే రెండేళ్ళు తిరగకుండానే అప్పు రెట్టింపవుతుంది. ఏడాదికొకసారి కలిపితే 2 ఏళ్ళ 3 నెలలు పడుతుంది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 2020లో ఆపిల్ వారి ఎం1 చిప్పులో 1,600 కోట్లున్నాయి. 49 ఏళ్ళలో సుమారు 70 లక్షల రెట్లు. అంటే ఒక్కో రెట్టింపుకు 2 ఏళ్ళ 2 నెలలు. నెలనెలా కలిపే షావుకారుకు, ఏటా కలిపే షావుకారుకు నడుమ నడిచిందన్నమాట.

చక్రవడ్డీలో తమాషా ఏమిటంటే మొదట ఎవరికీ పట్టదు. రెండేళ్ళకు రెట్టింపయ్యే 100 రూపాయల అప్పు పదేళ్ళకు 3,200. ఫరవాలేదు, దూడను అమ్మి తీర్చవచ్చు. ఇరవై ఏళ్ళకు లక్ష దాటుతుంది, పొలం పోతుంది. నలభై ఏళ్ళకు 10 కోట్లు దాటుతుంది. ఊరు మొత్తం అమ్మినా తీరదు. కంప్యూటరు సంగతీ అంతే. మొదటి ఇరవై ఏళ్ళు అది బ్యాంకులకు, విశ్వవిద్యాలయాలకు సంబంధించిన వ్యవహారం. ఆ తర్వాత రెట్టింపులే మన వంటింటి బల్లమీదికి, జేబులోకి వచ్చాయి.

అయితే అప్పుకూ చిప్పుకూ ఒక తేడా ఉంది. వడ్డీ మనం నిద్రపోతున్నా పెరుగుతుంది. చిప్పు అలా పెరగదు. మూర్ నియమం అంటున్నాం గాని అది ప్రకృతి నియమం కాదు. చెట్టున కాయ ఎవరు చూసినా చూడకపోయినా రాలుతుంది. చిప్పుమీద గీత సన్నబడాలంటే ఫలానా ఏటికి ఇంత చెయ్యాలని గడువు పెట్టుకుని వేలమంది రాత్రింబగళ్ళు పనిచెయ్యాలి. ఇప్పుడు కొత్త చిప్పు కర్మాగారం ఒకటి కట్టాలంటే 1,000 కోట్ల డాలర్లు దాటిపోతున్నది. 2004 ప్రాంతంలో ఒక వాయిదా తప్పింది కూడాను. అంతవరకు చిప్పు గడియారం వేగం కూడా పెరుగుతూ వచ్చి, సెకనుకు 400 కోట్ల టిక్కుల దగ్గర దాదాపు ఆగిపోయింది. అంతకు మించితే వేడి తట్టుకోలేదు. అప్పటినుంచి ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది గణకాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒక వంటవాడు ఇక వేగంగా వండలేనప్పుడు నలుగురిని పిలిచినట్టు. పెళ్ళివంటకు అది బాగానే ఉంటుంది. ఒక్క పోపు వెయ్యడానికి నలుగురున్నా ఒకడున్నా పట్టే సమయం ఒకటే.

ఆ వాయిదాల్లో కొన్ని మేమూ కట్టాం. ఫోర్ట్రాన్, కోబాల్ నేర్చి, ఇక జీవితానికి ఢోకా లేదనుకున్నవాళ్ళకు పదేళ్ళకే చిన్న యంత్రాలు వచ్చాయి. నలభై దాటినవాళ్ళు మళ్ళీ రాత్రి కళాశాలల్లో పిల్లల పక్కన కూర్చున్నారు. మాలో కొందరి ఇల్లాళ్ళు కార్డులు పొడిచే ఉద్యోగాలతో ఈ దేశంలో మొదటి జీతం కళ్ళజూశారు. ఆ ఉద్యోగాలు కార్డులతోపాటే పోయాయి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. రెట్టింపు అయిన ప్రతిసారీ ఎవరో ఒకరి విద్యకు విలువ తగ్గుతుందని జ్ఞాపకం చేస్తున్నాం, అంతే.

మరి లాభం? అదీ మనవాళ్ళకే వచ్చింది, ఎవరూ ఊహించని దారిలో. 80 వరసల కార్డుమీద ప్రతి వరసా విలువైనదే గనుక 1968 అని రాయవలసినచోట 68 అని రాసి రెండు వరసలు మిగుల్చుకునేవారు. యంత్రాల జ్ఞాపకశక్తి లక్షల రెట్లు పెరిగినా ఆ పాత ప్రోగ్రాములు అలాగే ఉండిపోయాయి. 2000 సంవత్సరం దగ్గరపడేసరికి 00 అంటే 1900 అనుకుంటాయేమోనని బ్యాంకులు, బీమా కంపెనీలు కంగారుపడ్డాయి. వాటిని దిద్దడానికి కోబాల్ వచ్చినవాళ్ళు కావలసివచ్చారు. హైదరాబాదు అమీర్‌పేటలో నేర్చుకున్న యువకులు విమానాలెక్కారు. 1998లో అమెరికా ప్రభుత్వం ఏడాదికి ఇచ్చే హెచ్-1బి వీసాలను 65,000 నుంచి 1,15,000కు పెంచింది. కార్డుమీద రెండు వరసలు పొదుపుచేసిన పుణ్యం, మన సంక్రాంతి సంబరానికి హాలు చాలకుండా చేసింది!

ఇక మన లిపి సంగతి. ‘స్త్రీ’ అనే అక్షరం చూడండి. మనకు అది ఒక్క అక్షరం. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి - ఆరు గుర్తులు. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో గుర్తుకు మూడేసి బైట్లు, మొత్తం 18. ఆనాటి కార్డుమీద ఇలాంటి అక్షరాలు నాలుగు పడితే కార్డు అయిపోతుంది. పైగా ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఎక్కడ చుట్టాలో చెప్పే సూత్రాలు వేరే దాచుకోవాలి. ఇంగ్లీషులోనే పెద్దబడి అక్షరాలతో సరిపెట్టుకున్న యంత్రానికి ఈ సంసారం ఎలా తూగుతుంది? అందుకే మేము మన పత్రికను స్టెన్సిలు కాగితంమీద ములికితో చేత్తో రాసి, సైక్లోస్టైలు యంత్రం పిడి తిప్పి, చేతులు సిరా చేసుకుని అచ్చువేసుకున్నాం. 1991లో యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది. ఆ రోజుల్లోనే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతి వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోబాటు ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు వచ్చింది. రెట్టింపులు తగినన్ని జరిగాక, మన ఒత్తులకు, గుడులకు యంత్రంలో చోటు మిగిలింది.

చోటు మిగిలే వేళకు ఇంట్లో ఏం జరిగింది? 2010కీ 2017కీ మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని జనాభా లెక్కలను పరిశీలించినవారు చెప్పారు. మనమూ దాదాపు రెట్టింపయ్యాం. సంతోషమే. కాని ఆ పెరుగుదలలో ఎక్కువపాలు కొత్తగా విమానం దిగినవారివల్ల వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లల్లో మాట అర్థమయ్యేవారు కొందరు, మాట్లాడేవారు అంతకంటె తక్కువ, చదివేవారు ఇంకా తక్కువ. రెట్టింపుకు పనికొచ్చే లెక్కే సగాలకూ పనికొస్తుంది. తరానికొక సగం పోతే ముత్తాతకు వచ్చినదాంట్లో మునిమనవడికి ఎనిమిదో వంతు మిగులుతుంది. ఇదీ మొదట ఎవరికీ పట్టదు.

చెప్పొచ్చేదేమంటే, పాత సంచికలు బేస్‌మెంటుల్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. సిరా వెలుస్తున్నది, కాగితం అంచులు పొడి అవుతున్నాయి. ఈనాటి యంత్రాలు తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెబుతున్నాయి గాని, ఎవరో ఎక్కించినదాన్ని చదివి నేర్చుకున్నవే అవి. ఈ ఊళ్ళో తొలి ఉగాదికి వేపపువ్వు దొరక్క ఏం చేశామో, మొదటి పురుడుకు ఎవరు వచ్చి వండిపెట్టారో వాటికి తెలియదు. ఆ సంగతులు స్టెన్సిలు ప్రతుల్లో మాత్రమే ఉన్నాయి. పదేళ్ళ సంచికలన్నీ బొమ్మలు తీసినా ఫోనులో ఒక మూలకు సరిపోతాయి. మనం పైకి చదివితే విని తెలుగులో రాసుకునే ఫోన్లు కూడా వచ్చాయి. చోటుకు, వేగానికి కొదవలేదు.

అయితే ఫోను రాసినదాంట్లో తప్పులు దిద్దడానికి తెలుగు చదవగల మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. ఇప్పటికి మేమున్నాం. మా తర్వాత కూర్చోవలసినవాళ్ళు ఇప్పుడు మీ ఇంట్లో పై అంతస్తులో ఆటలాడుకుంటున్నారు. మీ దగ్గర పాత సంచికలుంటే కబురు చెయ్యండి, ఏ ఆదివారమైనా మేమే వస్తాం. కళ్ళజోళ్ళు మేము తెచ్చుకుంటాం. పిల్లలను మాత్రం ఆ పూట ఎక్కడికీ పంపకండి.