ఎదురుబండి దారి

తిరుమల ఘాట్ రోడ్డులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. నెలకోసారి కొండెక్కేవాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోరు. 1944లో వేసిన మొదటి దారిలో బళ్లు దిగుతాయి, 1974లో వచ్చిన రెండో దారిలో ఎక్కుతాయి. ఎదురుగా బండి వస్తుందన్న బెంగే లేదు. హిమాచల్‌లోని కిల్లార్ నుంచి జమ్మూ కశ్మీర్‌లోని కిష్ట్‌వార్‌కు వెళ్లే దారిలో మాత్రం భయమంతా ఆ ఎదురుబండి గురించే. చీనాబ్ నది పైన కొండను తొలిచి వేసిన దారి అది, దాదాపు 120 కిలోమీటర్లు. చాలాచోట్ల ఒక్క బండికే చోటు. పోవడానికీ రావడానికీ అదే.

మా బావమరిది చండీగఢ్‌లో ఉద్యోగం చేస్తాడు. అతని జిమ్నీలో సెప్టెంబరు చివర మనాలి నుంచి బయల్దేరాం. వానలు తగ్గి, మంచు ఇంకా మొదలుకాని రోజులవి. థార్ లాంటి పెద్ద బండి తీసుకెళ్లమని స్నేహితులు అన్నారు, మేం వద్దన్నాం. థార్ వెడల్పు 1,820 మిల్లీమీటర్లు, జిమ్నీది 1,645. ఊళ్లో ఆ జానెడు తేడాను ఎవరూ లెక్కచేయరు. ఆ కొండ అంచున మాత్రం చక్రం కింద నేల ఉందా లేదా అన్నది దానిమీదే ఆధారపడుతుంది.

2020లో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటగానే లాహౌల్. పక్కనే చంద్రా నది. 2023 డిసెంబరులో ట్రాఫిక్ తప్పించుకోవడానికి ఒకాయన థార్‌ను ఈ నదిలోకే దింపి నడిపాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, పోలీసులు చలానా రాశారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి చేతిలో ఉంటే నదీ కొండా మనవేననుకునే మనస్తత్వం నాకు నచ్చదు. ఆ బలం ఇచ్చింది దారి లేనిచోట బయటపడటానికి. దారి ఉండగా నదిని తొక్కడానికి కాదు.

తాండీ దగ్గర చంద్రా, భాగా నదులు కలుస్తాయి. అక్కడినుంచి అది చంద్రభాగ, ముందుకు పోయాక చీనాబ్. తాండీలోనే ట్యాంకు నింపుకున్నాం. ఉదయ్‌పూర్‌లో మృకులా దేవి గుడి కొయ్యచెక్కడాలు చూశాం. వాటి గురించి రాయాలంటే వేరే వ్యాసమే కావాలి. చీకటి పడకముందే కిల్లార్ చేరాం.

కిల్లార్ పాంగీ లోయకు ముఖ్యకేంద్రం. ఇక్కడినుంచి జిల్లాకేంద్రం చంబాకు దగ్గరి దారి 4,400 మీటర్లు దాటిన సాచ్ కనుమ మీదుగా పోతుంది. మంచు పడితే అది నెలల తరబడి మూతపడుతుంది. చలికాలంలో ప్రభుత్వ హెలికాప్టరు కోసం రోగులు ఎదురుచూసే లోయ ఇది. మనం సాహసం అనే దారి ఇక్కడివాళ్లకు బియ్యం తెచ్చే దారి, కాన్పుకు వెళ్లే దారి.

టీకొట్టులో ఒక షేర్ జీపు డ్రైవరు మా బండిని చుట్టూ తిరిగి చూశాడు. "ముందుకు ఎవరైనా నడుపుతారు భాయ్‌సాబ్. మీకు వెనక్కి నడపడం వచ్చా?" అని అడిగాడు. అతను చెప్పిన జాగ్రత్తలు కొన్నే. వెడల్పున్న చోటు దాటిన ప్రతిసారీ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. లోయ వైపు అంచును నమ్మకూడదు, పైకి గట్టిగా కనిపించినా కింద రాళ్లు జారిపోయి ఉండొచ్చు. వెనక్కి తీసేటప్పుడు కళ్లు కొండగోడ మీదే ఉండాలి.

తెల్లవారగానే బయల్దేరాం. కాసేపటికే తారు పోయింది, రాళ్లూ దుమ్మూ మిగిలాయి. దిగుడు మొదలయ్యాక మా బావమరిది గేరు పక్కనున్న చిన్న లివరును ఫోర్-ఎల్ అనే నెమ్మది గేరులోకి తోశాడు. ఆ గేరులో ఇంజిన్ ఎంత తిరిగినా చక్రం నెమ్మదిగానే కదులుతుంది. బ్రేకు తొక్కకుండానే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. దిగుడంతా బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి, అసలు అవసరమైనప్పుడు పట్టదు.

ఇక కొండ మా నెత్తిమీదికి వచ్చింది. బండరాతిని మూడువైపులా తొలిచి, నది వైపు మాత్రం తెరిచి వదిలేశారు. రక్షణగోడ లేదు. అంచు నుంచి చూస్తే నేరుగా బూడిదరంగు నీళ్లే. పైనుంచి ఊటనీరు అద్దం మీద కారుతోంది. ఇద్దరం మాట్లాడటం మానేశాం.

ఒక మలుపులో హారన్ కొట్టాం. అవతలనుంచి జవాబుగా ఇంకో హారన్. పికప్ బండి, నిండా పిండి బస్తాలు, ఉప్పు. పాంగీకి పోతున్న చలికాలపు సరుకు.

"బావా, నువ్వు దిగి వెనక చూడు" అన్నాడు మా బావమరిది.

మేం దిగుతున్నాం, పికప్ ఎక్కుతోంది. ఇరుకు కొండదారిలో దిగేబండే ఎక్కేబండికి దారివ్వాలి, మోటారు వాహనాల నిబంధనల్లోనే ఆ మాట ఉంది. లోడుతో ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. నేను దిగి అద్దాలు మడిచాను. లోయ వైపు వెనక చక్రం దగ్గర నిలబడి, "రా, ఇంకా రా, కొండ వైపు కొట్టు, ఆగు" అంటూ వెనక్కి నడిచాను. బండి అంగుళాల లెక్కన వెనక్కి వచ్చింది. చక్రం కింద రాయి ఒకటి జారి పడింది. అది నీళ్లలో పడిన చప్పుడు నాకు వినిపించలేదు, నది హోరు అంతగా ఉంది. చివరికి మేం గుర్తుపెట్టుకున్న వెడల్పు చోటు దొరికింది. పికప్ మమ్మల్ని రాసుకుంటున్నట్టే దాటింది. డ్రైవరు చెయ్యెత్తి పలకరించి వెళ్లిపోయాడు. అతనికిది రోజూ ఉండేదే.

ఇంకొంత ముందుకు వెళ్తే కూలీలు దారికి అడ్డంపడిన రాళ్లు తీస్తున్నారు. జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి వచ్చామన్నారు. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ ఈ హిమాలయపు దారులను నిలబెడుతున్నది ఎక్కువగా ఇలాంటివాళ్ల చేతులతోనే. ఈ దారి నడిపామని చెప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. దీన్ని తొలిచినవాళ్ల పేర్లు మాత్రం దారి పొడవునా నాకెక్కడా కనిపించలేదు. ఇది నన్ను చాలా బాధించింది.

గులాబ్‌గఢ్ చేరేసరికి లోయ విప్పారింది, పొలాలు కనిపించాయి. అక్కడినుంచి కిష్ట్‌వార్ దాకా ప్రయాణం మామూలు కొండదారి ప్రయాణమే.

మీరు ఈ దారిన వెళ్లాలనుకుంటే వానాకాలంలో వద్దు. వెనక్కి నడపడం ముందు మీ ఊళ్లో, గోడ పక్కన, బాగా సాధన చేయండి. తెల్లవారుజామునే బయల్దేరండి. ఫొటో కోసం ఇరుకులో బండి ఆపకండి. మీ వెనక వచ్చే జీపులో ఆసుపత్రికి వెళ్లే మనిషి ఉండొచ్చు.